రద్దయిన ఓడకు రిహార్సల్

కొల్లా బాపయ్య గారి దగ్గర టిక్కెట్టు కొనాలంటే చేతిలో డబ్బుంటే సరిపోదు. ఆ ప్రయాణం ముందుగా ఆయన ఆఫీసులో ఒకసారి చేసి చూపించాలి. కాశీకి వెళ్లేవాళ్లయినా, సింగపూర్ వెళ్లేవాళ్లయినా, రిహార్సల్ కానిదే ఆయన రసీదు పుస్తకం తెరిచేవారు కాదు. గుంటూరు బ్రాడీపేటలో ఒక మందుల షాపు పైన, మేడ మీద ఉండేది ఆ ఆఫీసు. 1997 నుంచి 2003 దాకా ఆరేళ్లు నేనక్కడ టిక్కెట్లు రాశానని మా బంధువులందరూ అనుకుంటారు. నిజానికి ఆ ఆరేళ్లలో నేను విమానంలో ఎయిర్ హోస్టెస్‌గా, రైల్లో టీసీగా, కాశీలో పండాగా, హాంకాంగ్‌లో పోలీసుగా పనిచేశాను. జీతం మాత్రం ఒకే ఉద్యోగానికి ఇచ్చేవారు.

నేను పెదకాకాని నుంచి రోజూ బస్సులో వచ్చేదాన్ని. ఉద్యోగం కోసం మొదటిసారి వెళ్లినప్పుడు నా సర్టిఫికెట్లు ఆయన చూడనైనా చూడలేదు. ఒక్కటే అడిగారు.

"పైబెర్తు ఎక్కగలవా అమ్మాయ్?"

గోడకు రైల్లో పైబెర్తు ఎంత ఎత్తున ఉంటుందో అంత ఎత్తున ఒక చెక్క బల్ల బిగించి ఉంది. దాని పక్కన ఇనుప మెట్లు రెండు.

"ఎక్కి ఏం చెయ్యాలి సార్?"

"పడుకోవాల."

"ఉద్యోగానికి పడుకోవడం ఎందుకండీ?"

"నువ్వు ఎక్కి చూడకుండా డెబ్బయ్యేళ్ల ముసలమ్మకి పైబెర్తు ఎట్టా అమ్ముతావ్?"

ఎక్కాను. లేచి కూర్చోబోతే తల పైకప్పుకు ఠంగున తగిలింది. "రైల్లోనూ అట్టాగే తగులుద్ది, గుర్తుపెట్టుకో" అని ఆ క్షణమే నా ఉద్యోగం ఖాయం చేశారు. ఆ బొప్పి తగ్గడానికి నాలుగు రోజులు పట్టింది.

బాపయ్య గారికి అప్పటికి యాభై అయిదేళ్లుంటాయి. సన్నగా, పొడుగ్గా, ఇస్త్రీ చేసిన తెల్లచొక్కాతో బడి పంతులులా ఉండేవారు. ఆయన బీరువాలో ఫైళ్ల కంటే టోపీలు ఎక్కువ. ఇమిగ్రేషన్ ఆఫీసరుకు ఒక టోపీ, కస్టమ్స్ వాళ్లకు ఒకటి, పైలట్‌కు ఒకటి. టోపీ పెట్టుకున్నాక ఆయన ఎవరినీ గుర్తుపట్టరు. సొంత బావమరిదిని కూడా పాస్‌పోర్టు ఫొటోతో పోల్చి చూసి, మీసం తేడాగా ఉందని అరగంట నిలబెట్టారు. ఆ బావమరిది ఆ తర్వాత మా ఆఫీసుకు రావడం మానేసి, తిరుపతికి కూడా వేరే ఏజెంటు దగ్గర టిక్కెట్టు తీసుకునేవాడు.

పాత బస్సుల్లోంచి తీసిన సీట్లు నాలుగు తెప్పించి, వాటికి బెల్టులు కుట్టించి విమానం తయారు చేశారు. నేను స్టీలు స్టాండు తోసుకుంటూ వచ్చి "వెజ్ ఆర్ నాన్‌వెజ్?" అని ఇంగ్లీషులో అడగాలి. జనం గట్టిగా జవాబు చెప్పాలి. సిగ్గుపడి తల ఊపితే కుదరదు. "అక్కడ ఊరుకుంటే పస్తుంటారు" అనేవారు బాపయ్య గారు. అప్పుడు ఇమిగ్రేషన్ మొదలయ్యేది.

"వై ఆర్ యూ కమింగ్ టు సింగపూర్?" అని ఒక పత్తి వ్యాపారిని అడిగారొకసారి.

"మా తోడల్లుడు వెళ్లొచ్చాడండి."

"అది కారణం కాదు."

"అంతకుమించి కారణం లేదండి. వాడు వెళ్లకపోతే నేనూ వెళ్లేవాణ్ణి కాదు."

ఆ నిజాయితీకి మెచ్చుకుని బాపయ్య గారు స్టాంపు వేశారు. ఎక్కడ వేశారంటే, ఆ వ్యాపారి అరచేతి మీద. పాస్‌పోర్టు మీద వేస్తే మళ్లీ అసలు ఆఫీసర్లు ఒప్పుకోరు కదా.

ఇక ఆఫీసులో పట్టని ప్రయాణాలకు ఊరంతా మా రంగస్థలమే. విమానాశ్రయంలో సామాన్లు బెల్టు మీద తిరుగుతూ వస్తాయని చెప్పడానికి, ఒక ఆదివారం పదిమందిని పత్తి జిన్నింగు మిల్లుకు తీసుకెళ్లి గింజలు మోసే బెల్టు మీద వాళ్ల పెట్టెలు పెట్టించారు. ఎవరి పెట్టె వాళ్లు పట్టుకోవాలి. ఒకాయన పెట్టె పట్టుకోలేక వెంట పరిగెత్తాడు. పెట్టె వెళ్లి గింజల కుప్పలో పడింది, వెనకాలే ఆయనా పడ్డాడు. బద్రీనాథ్ వెళ్లే ఆడవాళ్లకు చలి అలవాటు చేయడానికి మిర్చి కోల్డ్ స్టోరేజీలో బస్తాల మధ్య అరగంట కూర్చోబెట్టారు. కళ్లూ ముక్కూ కారుకుంటూ తుమ్ముకుంటూ బయటికి వచ్చారు పాపం.

"చలి ఎట్టా ఉందమ్మా?" అని అడిగారు బాపయ్య గారు.

"చలి సంగతి తెలవలేదు నాయనా. బద్రీనాథ్‌లో ఇంత ఘాటుంటదని ముందే చెబితే శ్రీశైలం పొయ్యేవాళ్లం."

చదివేవాళ్లకు నవ్వుగానే ఉంటుంది. నాకు మాత్రం ఒళ్లు మండేది. పక్క వీధి ఏజెంటు పది టిక్కెట్లు అమ్మేలోపు మేం ఒక్కటి అమ్మేవాళ్లం. మా ఆదాయమంతా కమీషనే. విమానాల కంపెనీలు అప్పటికే దాన్ని ఏటేటా కోస్తూ వస్తున్నాయి. నా జీతం నెలకు మూడు వేలు. మా తమ్ముడు ప్రసన్నకుమార్ పాలిటెక్నిక్ చదువు అందులోంచే నడవాలి. టిక్కెట్టు తెగకపోతే కమీషన్ లేదు, కమీషన్ లేకపోతే నాకు జీతం లేదు. ఈ లెక్క నేను నెలకు రెండుసార్లు చెప్పేదాన్ని. ఆయన శ్రద్ధగా విని, టోపీ మార్చుకునేవారు.

అలాంటి సమయంలో 2003 ఫిబ్రవరిలో దర్శి నుంచి బుల్లయ్య గారు వచ్చారు. ఆయనకు విత్తనాలూ పురుగుమందుల దుకాణం ఉంది. మనిషి భారీగా ఉంటాడు, మాట అంతకంటే భారీగా ఉంటుంది.

"ఓడ ఎక్కాలయ్యా బాపయ్యా. పద్నాలుగు మందిమి. నువ్వేం చెయ్యమంటే అది చేస్తాం, టిక్కెట్టు మాత్రం మే నెలకు కావాల."

సింగపూర్‌లో ఓడ ఎక్కి, మూడు రాత్రులు సముద్రం మీద తిరిగి, మళ్లీ సింగపూర్‌లోనే దిగే విహారయాత్ర అది. ఓడ కంపెనీకి చెన్నైలో ఆఫీసు ఉంది. మనిషికి ఇరవై ఎనిమిది వేలు. విమానం టిక్కెట్లు వేరే, వాటి సంగతి ప్రయాణం దగ్గరపడ్డాక. పద్నాలుగు మందిలో సగం మంది వ్యాపారస్థులు. మిగిలిన వాళ్లలో ఇద్దరి గురించి చెప్పాలి. ఒకరు వెంకటేశ్వరమ్మ గారు. భర్త పోయాక ఏడెకరాల మిరప తోట, ఒక పత్తి చేను ఒంటిచేత్తో చేయిస్తున్నారు. రెండో ఆయన జక్రయ్య మాస్టారు. రిటైరైన హెడ్మాస్టరు, మోకాళ్ల నొప్పులు.

"ఎక్కిన కాడే దిగేదానికి అంత డబ్బెందుకు బాబూ?" అని వెంకటేశ్వరమ్మ గారు మొదటిరోజే అడిగారు.

"రంగులరాట్నం ఎక్కి ఎక్కడ దిగుతారమ్మా?" అన్నారు బాపయ్య గారు.

ఆవిడ ఆలోచించి ఒప్పుకున్నారు. "నేను రోజూ చూసేది ఎర్రటి మిరప కళ్లాలే. కళ్లు మూసుకున్నా ఎర్రంగానే కనపడతంది. నీలంగా ఉండేది ఏదన్నా నాలుగు రోజులు చూడాలని ఉంది" అన్నారు.

జక్రయ్య మాస్టారి కారణం వేరు. "భూమి గుండ్రంగా ఉంది గనక దూరం నుంచి వచ్చే ఓడకు ముందు పైభాగం కనపడుతుందని ముప్పై ఆరేళ్లు పిల్లలకు చెప్పాను. నేను మాత్రం చూడలేదు. చూడని దానికి పిల్లల్ని కొట్టానేమోనని అనిపిస్తూ ఉంటుంది."

"మీరు ఓడలోనే ఉంటే ఓడ ఎట్టా కనపడుద్ది మాస్టారూ?" అన్నారు బుల్లయ్య గారు.

మాస్టారు కంగారుపడ్డారు. దారిలో వేరే ఓడలు కూడా వస్తాయని బాపయ్య గారు హామీ ఇచ్చాక గానీ తేరుకోలేదు.

ఓడకు రిహార్సల్ ఎలా అని నేను నిశ్చింతగా ఉన్నాను. గుంటూరులో సముద్రం లేదు కదా. మార్చి నెలలో ఒక ఉదయం అందర్నీ దర్శి దగ్గర వెంకటేశ్వరమ్మ గారి పొలానికి రమ్మన్నారు. పత్తికట్టె పీకేసిన నల్లరేగడి చేను పక్కన ఒక ట్రాక్టరు నిలబడి ఉంది. దాని ట్రక్కులో పద్నాలుగు ప్లాస్టిక్ కుర్చీలు వేసి ఉన్నాయి. లైఫ్ జాకెట్లకు బదులు ఒక్కొక్కరికి ఒక్కో దిండు వీపుకు, ఒక్కో దిండు పొట్టకు కండువాలతో కట్టించారు. అసలే భారీగా ఉన్న బుల్లయ్య గారికి దిండ్లు కట్టాక ట్రక్కు తలుపు వెయ్యడం కుదరలేదు. అందరికీ కడుపునిండా గోంగూర భోజనం పెట్టించారు, ఓడలో భోజనం ఎక్కువగా పెడతారట. ఓడ కెప్టెన్ తెల్లటోపీ పెట్టుకుని బాపయ్య గారు ముందు నిలబడ్డారు.

"సిలార్, సముద్రంలోకి పోనియ్" అన్నారు డ్రైవరుతో.

సిలార్ ట్రాక్టరును చాళ్లకు అడ్డంగా పోనిచ్చాడు. ఆ కుదుపులకు దేవుడే దిక్కు. జక్రయ్య మాస్టారు కళ్లు మూసుకుని ప్రార్థన చేశారు. వెంకటేశ్వరమ్మ గారు మాత్రం కొంగు నడుముకు చెక్కుకుని, "ఆ మూల చెట్టు ఎండిపోయింది, నేను చూడనే లేదే" అంటూ పొలం చూసుకుంటూ కూర్చున్నారు. రెండో చుట్టు తిరిగేసరికి ఒక మనిషికి కడుపులో తిప్పి, ట్రక్కు అంచు పట్టుకుని వాంతి చేసుకున్నాడు. ఆ మనిషి కెప్టెనే. వెంకటేశ్వరమ్మ గారే ఆయనకు నిమ్మకాయ ఇచ్చి, "ఓడలో నీలాంటాయన లేకుండా చూడు బాబూ" అన్నారు.

మొత్తానికి టిక్కెట్లు తెగాయి. పదోవంతు కమీషన్ మినహాయించుకుని మిగతా డబ్బు చెన్నై పంపాం. మా వాటా ముప్పై తొమ్మిది వేల రెండు వందలు. అంత కమీషన్ ఆ ఆఫీసు ఎప్పుడూ చూడలేదు. దాంతో కంప్యూటర్ కొన్నారు. అది రావడానికి వారం ముందే అట్ట మీద అక్షరాలు గీసి, దాని మీద నాతో రోజూ టైపు చేయించారు. కంప్యూటర్ వచ్చాక నాకు కాళ్లు నేల మీద ఆనలేదు. ఇక టిక్కెట్లు గబగబా తెగుతాయి, మా తమ్ముడి చదువు ఒడ్డున పడుతుంది అనుకున్నాను.

ఏప్రిల్‌లో సింగపూర్‌లో సార్స్ జ్వరం అని పేపర్లో రోజూ వచ్చేది. ఒకరోజు చెన్నై నుంచి ఫ్యాక్స్ వచ్చింది. నేనే పైకి చదివాను. ఓడ ప్రయాణం రద్దు. ప్రయాణికుల డబ్బు ఎక్కడికీ పోదు, కంపెనీ దగ్గర క్రెడిట్‌గా ఉంటుంది. ఏడాదిలోగా అదే పేరు మీద, అదే కంపెనీ ఓడలో వాడుకోవాలి. నగదే కావాలనే వాళ్లు ముప్పై రోజుల్లోగా చెన్నైకి స్వయంగా ఫోన్ చేసి అడగాలి. చివర ఏజెంట్లకు రెండు ముక్కలు రాశారు. క్రెడిట్ తీసుకున్న వాళ్ల తాలూకు కమీషన్ ఏజెంటు దగ్గరే ఉంచుకోవచ్చు. నగదు వెనక్కి తీసుకున్న వాళ్ల తాలూకు కమీషన్ ఏజెంటు తిరిగి కట్టాలి. కాబట్టి ప్రయాణికులకు నచ్చజెప్పగలరు.

చదివి ఊపిరి పీల్చుకున్నాను. క్రెడిట్ అంటే నష్టం ఎవరికీ లేదు. కమీషన్ నిలబడుతుంది, నా జీతం నిలబడుతుంది.

"ఆదివారం పద్నాలుగు మందినీ రమ్మను అమ్మాయ్. రిహార్సల్ ఉంది" అన్నారు బాపయ్య గారు.

"ఓడే లేదు కదండీ."

"ఓడ లేకపోతేనే ఎక్కువ కావాల."

నచ్చజెప్పడానికే అనుకుని సంతోషంగా అందరికీ ఫోన్లు చేశాను. ఆ ఆదివారం చర్చిలో ఆరాధన కూడా మానుకుని వచ్చాను. వచ్చేసరికి ఆఫీసులో రెండు ఫోన్లను ఒక తీగతో కలిపి ఉంచారు. ఒకటి నా బల్ల మీద ఉంది, రెండోది లోపలి గదిలో. బాపయ్య గారు కొత్త టోపీ పెట్టుకుని లోపలికెళ్లి తలుపు వేసుకున్నారు. ఆయన ఇప్పుడు చెన్నై ఆఫీసరు. ఒక్కొక్కరు వచ్చి ఫోన్లో మాట్లాడాలి. మొదట బుల్లయ్య గారు కూర్చున్నారు.

"గుడ్ మార్నింగ్. చెప్పండి సార్" అంది లోపలి గొంతు.

"దర్శి నుంచి బుల్లయ్యనండి. ఆ ఓడ డబ్బుల సంగతి..."

"మీ డబ్బులు భద్రంగా ఉన్నాయి సార్. క్రెడిట్ ఇస్తాం. వచ్చే ఏడాది మీకు కిటికీ ఉన్న గది ఇస్తాం."

"కిటికీ ఉన్నదా? అయితే అట్టాగే కానివ్వండి."

లోపలి తలుపు ధడేలున తెరుచుకుంది. "ఏందయ్యా కానిచ్చేది?" అంటూ బాపయ్య గారు బయటికొచ్చారు. "కిటికీ కోసం ఇరవై ఎనిమిది వేలు వదిలేస్తావా? నా డబ్బు నాకు పంపండి అనాల. ఇంకేం అనగూడదు. మళ్లీ చెయ్."

నేను అప్పుడే ఫైలు మీద పేర్లు రాసుకుంటున్నాను. కలం ఆగిపోయింది. ఈ మనిషి మా కమీషన్‌ను తన చేతులారా వెనక్కి పంపడానికి జనానికి తర్ఫీదు ఇస్తున్నారు.

జక్రయ్య మాస్టారు అందరికంటే కష్టపెట్టారు. ఆయన ఫోన్ ఎత్తగానే ఆఫీసరు గారి ఆరోగ్యం అడిగి, చెన్నైలో ఎండల గురించి అడిగి, "మీకు ఇబ్బంది లేకపోతేనే సుమండీ" అని పెట్టేసేవారు. ఆరుసార్లు చేయించినా అంతే. చివరికి బాపయ్య గారు ఒక తెల్లకాగితం ఇచ్చి, 'నాకు నగదే కావాలి' అని పాతికసార్లు రాయమన్నారు. ముప్పై ఆరేళ్లు పిల్లలకు ఇంపోజిషన్లు ఇచ్చిన మాస్టారు ముత్యాల్లాంటి అక్షరాలతో పాతికసార్లూ రాసి, ఏడో ఫోన్‌లో గెలిచారు.

వెంకటేశ్వరమ్మ గారికి ఒక్కసారే సరిపోయింది.

"మేడమ్, వచ్చే ఏడాది రేటు పెరిగినా మీకు పాత రేటే" అంది లోపలి గొంతు.

"బాబూ, వచ్చే ఏడాదికి వానొస్తదో రాదో, కాయకు ధరుంటదో ఉండదో నాకే తెలవదు. మీ ఓడ ఉంటదని నువ్వు నాకు రాసిస్తావా?"

తలుపు తీసుకుని ఆయనే బయటికి వచ్చారు.

"అమ్మా, ఇక ఫోన్ పెట్టెయ్" అన్నారు బాపయ్య గారు మామూలు గొంతుతో.

అందరూ వెళ్లాక ఆయన ఎదురుగా నిలబడ్డాను.

"ముప్పై తొమ్మిది వేల రెండు వందలు సార్."

"అవును."

"నా పదమూడు నెలల జీతం."

"లెక్క సరిగ్గానే ఉంది."

"క్రెడిట్ తీసుకుంటే వాళ్లకేం నష్టమండీ? డబ్బు పోదు కదా."

"వాళ్లు ఓడ ఎక్కుతామని డబ్బిచ్చారమ్మాయ్. కాగితం ఎక్కుతామని కాదు. ఆవిడకు జూన్‌లో విత్తనాలు కొనాల. మాస్టారి మోకాళ్లు ఏడాది ఆగుతాయని నేనెట్టా చెప్పను? వాళ్లకు చెన్నై తెలవదు, నేను తెలుసు. నేనే చెప్పకపోతే ఇంకెవరు చెబుతారు?"

"మరి నా సంగతి?"

ఆయన లేచి కిటికీ దగ్గరికెళ్లి కింద రోడ్డు మీద ఆటోలను చూస్తూ నిలబడ్డారు. ఆ సాయంత్రం బస్సులో ఏడ్చుకుంటూ ఇంటికి వెళ్లాను. ఆయన మీద కోపం వచ్చింది. ఆయన చేసింది తప్పని అనలేకపోతున్నందుకు ఇంకా ఎక్కువ కోపం వచ్చింది.

పద్నాలుగు మందీ చెన్నైకి ఫోన్లు చేశారు. అక్కడి ఆఫీసరు బాపయ్య గారి కంటే చాలా మెత్తని మనిషట, కిటికీ మాట ఎత్తనే లేదట. కిటికీ ఇస్తానంటే ఎట్టా తిరగ్గొట్టాలో నేర్చుకుని కూర్చున్న బుల్లయ్య గారికి అదొక వెలితి. జూన్ మొదటివారానికి అందరికీ డబ్బు వచ్చింది. మేం కమీషన్ కట్టేశాం. కంప్యూటర్‌ను పక్క సందులో కోచింగు సెంటరు వాళ్లకు అమ్మితే కొంత వచ్చింది, మిగతాది ఆయన ఎక్కడినుంచి తెచ్చారో నాకు చెప్పలేదు. సార్స్ భయంతో కొత్తగా ఎవరూ ఎక్కడికీ వెళ్లడం లేదు. జూన్ నెల జీతం ఇచ్చేటప్పుడు ఆయన నా మొహం చూడలేదు. జూలై జీతం ఉండదని నాకు అప్పుడే అర్థమైంది.

అంత జరిగినా ఆయన రిహార్సల్ పిచ్చి వదల్లేదు. జనం లేకపోయేసరికి నన్ను పట్టుకున్నారు. రోజూ మధ్యాహ్నం మూడింటికి నన్ను ఎదురుగా కూర్చోబెట్టి, ఆఫీసరులా ప్రశ్నలు అడగడం మొదలుపెట్టారు.

"కస్టమరు అరుస్తున్నాడు. ఏం చేస్తావ్?"

"మీతో రోజూ చేసేదే చేస్తానండి."

"తప్పు. ముందు కూర్చోబెట్టి మంచినీళ్లిస్తానని చెప్పాల. ఎంత అనుభవం ఉంది?"

"ఆరేళ్లు. ఒక విమానం, ఒక ట్రాక్టరు."

"తప్పు. ట్రాక్టరు సంగతి ఎత్తొద్దు. జీతం ఎంత కావాల?"

"మీ ఇష్టమండి."

"పూర్తిగా తప్పు. జీతం అడిగినప్పుడు కిందికి చూడొద్దు అమ్మాయ్. కిందేముంది? నేల ఉంది. జీతం ఇచ్చేది నేల కాదు."

జీతం ఇవ్వలేని మనిషి జీతం ఎంత కావాలని రోజూ అడుగుతుంటే ఎవరికి మాత్రం ఓపిక ఉంటుంది? పదిరోజులు పళ్లబిగువున భరించాను. పదకొండో రోజు మళ్లీ అదే ప్రశ్న. ఆయన కళ్లలోకి సూటిగా చూసి, "నాలుగున్నర వేలు" అన్నాను. కోపంతో అన్నానే తప్ప ఆశతో కాదు.

బాపయ్య గారు టోపీ తీసి బల్ల మీద పెట్టారు.

"ఇప్పటికి వచ్చింది. రేపు పొద్దున పదింటికి బెజవాడలో ఇంటర్వ్యూ ఉంది. గవర్నర్‌పేటలో పెద్ద ట్రావెల్ ఆఫీసు. ప్రేమ్‌చంద్ గారని మేనేజరు. కొత్త చీర కట్టుకోవద్దు, అలవాటైన చీరే కట్టుకో. దాన్ని సర్దుకోవడంలో జవాబులు మర్చిపోతావ్."

ఆయన అప్పటికే ఒక కాగితం మీద బెజవాడ బస్టాండు నుంచి ఆ ఆఫీసు దాకా దారి గీస్తున్నారు. ఎక్కడ రోడ్డు దాటాలో బాణం గుర్తులు పెట్టారు.

ఇంటర్వ్యూ గదిలో ప్రేమ్‌చంద్ గారు ఒక్కరే ఉన్నారు. నలభై ఏళ్ల మనిషి, నెమ్మదిగా మాట్లాడతారు. కస్టమరు అరిస్తే ఏం చేస్తారని అడిగారు. ముందు కూర్చోబెట్టి మంచినీళ్లిస్తానన్నాను. అనుభవం ఎంత అన్నారు. ఆరేళ్లన్నాను, ట్రాక్టరు ఎత్తలేదు. మొదటి ప్రశ్నా బాపయ్య గారిదే, రెండోదీ ఆయనదే. అదే వరస, ఒక్కటి కూడా పక్కకు పోలేదు. నేను గడగడా చెబుతూ ఉంటే ఆయన మొహంలో నవ్వు పెరుగుతూ వచ్చింది. నాకు లోపల అనుమానం మొదలైంది.

"జీతం ఎంత ఆశిస్తున్నారు?"

నేల వైపు చూడలేదు. "నాలుగున్నర వేలండి."

ఆయన కలం పక్కన పెట్టారు. "అదేంటమ్మా, తగ్గించారు? పోయిన బుధవారం మీరు వచ్చినప్పుడు అయిదు వేలన్నారే."

"నేను రాలేదండీ."

"మీరు రాలేదు, మీ బాపయ్య గారు వచ్చారు. 'మా అమ్మాయిని రేపోమాపో పంపిస్తాను, నువ్వు ఇంటర్వ్యూ సరిగ్గా చేస్తావో లేదో ముందు నేను చూడాలి' అన్నారు. ఏం ప్రశ్నలు అడగాలో నాకు రాసిచ్చి, మీరు కూర్చున్న ఆ కుర్చీలోనే కూర్చుని, నా పేరు సంతోషకుమారి, పెదకాకాని నుంచి వస్తున్నానండి అన్నారు. నాకు గొంతులో మర్యాద చాలలేదట. మూడుసార్లు చేయించారు."

నవ్వాలో ఏం చేయాలో తెలియలేదు. "జవాబులు బాగానే చెప్పానా అండీ?" అని అడిగాను.

"చాలా బాగా చెప్పారు. ఒక్క చోట తడబడ్డారు. ఉన్న ఉద్యోగం ఎందుకు మానేస్తున్నారు అని అడిగితే, 'నేను మానడం లేదండీ, మా సారుకు నన్ను ఉంచుకునే దారి దొరకలేదు' అని, కాసేపు కళ్లద్దాలు తుడుచుకున్నారు. ఈ ప్రశ్న మాత్రం ఆ అమ్మాయిని అడగొద్దని కొట్టేయించారు."

ఆ ఆదివారం కిటికీ దగ్గర ఆయన ఇవ్వని జవాబు ఇక్కడికొచ్చి నా పేరుతో ఇచ్చారు. ప్రేమ్‌చంద్ గారు నాకు మంచినీళ్ల గ్లాసు జరిపి, నేను తాగేదాకా ఆగారు. అది కూడా ఎవరు నేర్పారో నేను అడగలేదు.

"ఇంతకీ ఏం రాసుకోమంటారు?" అన్నారు మళ్లీ కలం తీసుకుని. "నాలుగున్నరా, అయిదా?"

"పోయిన బుధవారం నేను అన్నదేనండి" అన్నాను.